నాలుగు కీటకాలు, ఒకే యాంటీబాడీ: న్యూరోపెప్టైడ్ పటం ఎక్కడ మొదలుపెట్టాలి

మీ ప్రశ్నను ముందుగా నాకు అర్థమైన మేరకు చెబుతాను. బొద్దింక, వరిని పీల్చే సుడిదోమ, పట్టుపురుగు, కొబ్బరి మొవ్వును తొలిచే కొమ్ము పురుగు, ఈ నాలుగింటి మెదడులోను ఉదర నాడీదండంలోను ఏయే న్యూరోపెప్టైడ్‌లు (నాడీకణాలు సంకేతాలుగా వదిలే చిన్న ప్రొటీన్ ముక్కలు) ఏయే కణాల్లో ఉన్నాయో పటం గీసి పోల్చాలన్నది మీ ఉద్దేశం. మీ చేతిలో ఎఫ్‌ఎంఆర్‌ఎఫ్‌అమైడ్ అనే పెప్టైడ్ మీద కుందేలులో తయారైన యాంటీబాడీ, అంటే ఆ పెప్టైడ్‌ను వెతికి అతుక్కుని రంగుతో చూపించే ప్రొటీన్, ఒకటి ఉంది. నాలుగు కీటకాల్లోనూ ఇంచుమించు ఒకే చోట వెలిగిన కణాలను ఒకే రకం కణాలుగా, వాటిలో ఉన్నది ఒకే పెప్టైడ్‌గా రాసుకోవచ్చా అని అడిగారు. రాసుకోకూడదు. ఎందుకు కూడదో, దాని బదులు ఏం చేయవచ్చో కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఎఫ్‌ఎంఆర్‌ఎఫ్‌అమైడ్‌ను 1977లో ప్రైస్, గ్రీన్‌బర్గ్ అనే శాస్త్రవేత్తలు ఒక సముద్రపు గుల్ల నాడీసంధుల నుంచి వేరుచేశారు. ఫినైల్ అలనిన్, మెథియోనిన్, ఆర్జినిన్, మళ్లీ ఫినైల్ అలనిన్, చివర అమైడ్: మొత్తం నాలుగే అమైనో ఆమ్లాలు. ఇంత చిన్న అణువు మీద తయారుచేసిన యాంటీబాడీ సాధారణంగా పట్టుకునేది దాని తోకను, అంటే ఆర్జినిన్–ఫినైల్ అలనిన్–అమైడ్ (ఆర్‌ఎఫ్‌అమైడ్) భాగాన్ని మాత్రమే. కీటకాల్లో అదే తోకతో ముగిసే పెప్టైడ్‌లు చాలా ఉన్నాయి. ఎఫ్‌ఎంఆర్‌ఎఫ్‌అమైడ్ కుటుంబానికి చెందిన అసలైనవి ఒక జన్యువు నుంచి వస్తాయి. పొట్టి న్యూరోపెప్టైడ్ ఎఫ్ మరొక జన్యువు నుంచి, పొడవు న్యూరోపెప్టైడ్ ఎఫ్ ఇంకొక జన్యువు నుంచి, మయోసప్రెసిన్, సల్ఫాకైనిన్ వేరే జన్యువుల నుంచి వస్తాయి. వీటి పనులు వేరు, గ్రాహకాలు వేరు. మీ యాంటీబాడీ వీటన్నిటినీ ఒకే ఆకుపచ్చ కాంతిగా చూపిస్తుంది. పండ్ల ఈగ మెదడులో పుట్టగొడుగు కాయాలు (మష్రూమ్ బాడీలు) అనే భాగాల్లోని కెన్యాన్ కణాలు ఒక్కో వైపు సుమారు 2,000 ఉంటాయి. వాటిలో పొట్టి న్యూరోపెప్టైడ్ ఎఫ్ ఉందని తెలిసిన తరువాతనే, అక్కడ కనిపించే ఆర్‌ఎఫ్‌అమైడ్ వెలుగుకు అర్థం తేలింది. 1980ల నాటి వ్యాసాల్లో సకశేరుకాల జీర్ణ హార్మోన్‌లైన గాస్ట్రిన్, కోలిసిస్టోకైనిన్‌ల మీది యాంటీబాడీలతో కీటకాల మెదళ్లకు రంగు వేసిన బొమ్మలు చాలా కనిపిస్తాయి. వాటిని చదివేటప్పుడు బొమ్మను నమ్మండి, పేరును నమ్మకండి.

కీటకాల మెదడు హార్మోన్‌ను స్రవిస్తుందని మొదట చూపించినవాడు పోలండ్ శాస్త్రవేత్త స్టెఫాన్ కోపెచ్. జిప్సీ మాత్ గొంగళిపురుగులకు దారంతో కట్టు వేసి, మెదడు తొలగించి, ప్యూపా దశకు మారడానికి మెదడు నుంచి ఏదో పదార్థం రావాలని 1917లో చెప్పాడు. కీటకాల నాడీకణాలు వదిలే ఇటువంటి పదార్థాల్లో ఒకదాని నిర్మాణం పూర్తిగా చేతికి రావడానికి మరో అర్ధ శతాబ్దానికి పైగా పట్టింది. అమెరికన్ బొద్దింక నుంచి ప్రోక్టోలిన్ అనే ఐదు అమైనో ఆమ్లాల పెప్టైడ్‌ను 1975లో స్టారట్, బ్రౌన్ నిర్ధారించారు. అందుకు వాడిన బొద్దింకలు 1,25,000, చివరికి మిగిలిన శుద్ధ పదార్థం 180 మైక్రోగ్రాములు. మన కళాశాలల ప్రయోగశాలల్లో ఇదివరలో కోయించిన బొద్దింక కూడా ఆ జాతిదే. ఈ రోజున ఒకే ఒక్క బొద్దింక కార్పోరా కార్డియాకాను (మెదడు వెనుక హార్మోన్‌లు నిలవ ఉండే గ్రంథిని) కోసి, ద్రవ్యరాశి కొలిచే మాల్డీ యంత్రం పలక మీద పెడితే అందులోని పెప్టైడ్‌ల ద్రవ్యరాశులు కొన్ని నిమిషాల్లో తెర మీద కనిపిస్తాయి. అందువల్ల, రంగుతో మొదలుపెట్టి పెప్టైడ్‌ను ఊహించే పాత పద్ధతిని మీరు అనుసరించవలసిన అవసరం లేదు. దారి తిరగబడింది: ముందు జన్యువు, తరువాత ద్రవ్యరాశి, ఆ తరువాతనే రంగు.

జన్యువు దగ్గర చేయవలసిన పని కంప్యూటరు మీద జరిగేదే, ఖర్చు లేనిది. పట్టుపురుగు, సుడిదోమ, అమెరికన్ బొద్దింక, కొమ్ము పురుగు నాలుగింటి జన్యుక్రమాలూ ఇప్పుడు అందుబాటులో ఉన్నాయి. న్యూరోపెప్టైడ్ ఎప్పుడూ ఒక పెద్ద పూర్వగామి ప్రొటీన్‌లో భాగంగా పుడుతుంది. ఆ ప్రొటీన్ మొదట్లో స్రావానికి పంపే సంకేత భాగం ఉంటుంది. తరువాత లైసిన్–ఆర్జినిన్ జంటల దగ్గర ఎంజైములు కత్తిరిస్తాయి. కత్తిరించిన ముక్క చివర గ్లైసిన్ ఉంటే అది అమైడ్‌గా మారుతుంది. ఒకే పూర్వగామిలో ఒకే రకం పెప్టైడ్ పది పన్నెండు ప్రతులుగా, స్వల్ప తేడాలతో ఉండడం సర్వసాధారణం. ఈ నియమాలతో మీ నాలుగు జాతులకు ఏయే పెప్టైడ్‌లు రావచ్చో, వాటి ద్రవ్యరాశులు ఎంత ఉండాలో ముందుగానే పట్టిక వేసుకోవచ్చు. కీటకాల్లో ఇటువంటి పూర్వగామి జన్యువులు జాతిని బట్టి ఇంచుమించు 50 వరకు ఉంటాయి కాబట్టి ఇది నెలలు పట్టే పని ఏమీ కాదు.

ద్రవ్యరాశి దగ్గర మాత్రం నిదానంగా నడవాలి. ఉదాహరణకు మిడతల అడిపోకైనెటిక్ హార్మోన్‌ను తీసుకోండి. 1976లో నిర్మాణం తేలిన ఈ పది అమైనో ఆమ్లాల పెప్టైడ్, ఎగిరేటప్పుడు కొవ్వును కరిగించి రక్తంలోకి వదిలిస్తుంది. దీని ద్రవ్యరాశి 1158.5 డాల్టన్లు. ఒక ప్రోటాన్ చేరితే 1159.6 దగ్గర శిఖరం రావాలి. కాని ఈ పెప్టైడ్ రెండు కొసలూ మూసుకుపోయి ఉంటాయి, మొదట పైరోగ్లుటమేట్, చివర అమైడ్; ప్రోటాన్‌ను పట్టే క్షార అమైనో ఆమ్లం ఒక్కటి కూడా లేదు. అందువల్ల తెర మీద బలంగా కనిపించేది సోడియం చేరిన 1181.5, దాని పక్కన పొటాషియం చేరిన 1197.5. ఈ సంగతి తెలియని విద్యార్థి 1159.6 దగ్గర ఖాళీ చూసి ‘ఈ కీటకంలో హార్మోన్ లేదు’ అని నోటు పుస్తకంలో రాసేస్తాడు. అలాగే, అమైడ్‌గా మారని, గ్లైసిన్ మిగిలిన రూపం అసలు పెప్టైడ్ కంటే 58 డాల్టన్లు బరువుగా ఉంటుంది. రెండూ కలిసి కనిపిస్తే ఆ కణజాలంలో పెప్టైడ్ ఇంకా తయారవుతోందని, అమైడ్ రూపం ఒకటే కనిపిస్తే నిలవ ఉన్నదని స్థూలంగా అనుకోవచ్చు. ద్రవ్యరాశి సరిపోయినంత మాత్రాన చాలదు, ఆ శిఖరాన్ని విరగ్గొట్టి అమైనో ఆమ్లాల వరుసను కూడా చదవాలి. హైదరాబాదు సీసీఎంబీ వంటి సంస్థల్లో ఆ యంత్రాలు ఉన్నాయి. మీరు చేయవలసింది కణజాలాన్ని శుభ్రంగా కోసి, నీటితో ఉప్పు కడిగి, పలక మీద ఎండబెట్టడం వరకే.

ఇక రంగు సంగతి. మన గోదావరి డెల్టాలో ఏప్రిల్, మే నెలల్లో కోత బల్ల మీద సెలైన్ ఎంత తొందరగా వేడెక్కుతుందో మీకు తెలిసే ఉంటుంది. కోసిన క్షణం నుంచి కణజాలంలోని పెప్టిడేజులు (పెప్టైడ్‌లను కత్తిరించే ఎంజైములు) పనిచేస్తూనే ఉంటాయి కాబట్టి, గిన్నె కింద మంచు లేకుండా పని మొదలుపెట్టకండి. స్థిరీకరణకు, అంటే కణజాలాన్ని చెడకుండా బిగించడానికి, 4 శాతం పారాఫార్మాల్డిహైడ్‌ను చాలామంది కళ్లు మూసుకుని వాడతారు. ఫార్మాల్డిహైడ్ ప్రధానంగా పట్టుకునేది స్వేచ్ఛగా ఉన్న అమైన్ సమూహాలను, అంటే లైసిన్ పక్కగొలుసులను, పెప్టైడ్ మొదటి కొసను. పైన చెప్పిన అడిపోకైనెటిక్ హార్మోన్‌లో లైసిన్ లేదు, మొదటి కొస మూసుకుపోయింది. పట్టు దొరకని అటువంటి చిన్న పెప్టైడ్ కడుగుళ్లలో జారిపోయే ప్రమాదం ఉంది. పిక్రిక్ ఆమ్లం కలిపిన ద్రావణాలు, లేదా కొద్దిగా గ్లుటరాల్డిహైడ్ చేర్చినవి ఇటువంటి చోట మెరుగు. బొద్దింక నాడీసంధుల మీద మందమైన తొడుగు ఉంటుంది. కొల్లాజినేజ్‌తో కాస్త సడలించకపోయినా, వైబ్రటోమ్ అనే కోత యంత్రంతో పలుచగా కోయకపోయినా యాంటీబాడీ లోపలికి దిగదు, అంచు కణాలు మాత్రమే వెలుగుతాయి, మధ్యలో ఏమీ లేదనిపిస్తుంది. సుడిదోమ తల వెడల్పు ఒక మిల్లీమీటరు అటూఇటూ ఉంటుంది కాబట్టి మెదడును మొత్తంగానే రంగు వేయవచ్చు. అక్కడ ఇబ్బంది కంటి వర్ణకం, కొవ్వు కణజాలం తమంతట తామే మెరవడం. ఏ యాంటీబాడీ వేయని మెదడును ప్రతిసారీ పక్కన పెట్టి అదే అమరికలతో ఫొటో తీయండి.

నియంత్రణ ప్రయోగంగా యాంటీబాడీని కృత్రిమ పెప్టైడ్‌తో ముందే కలిపి, రంగు పోయిందని చూపించడం ఆనవాయితీ. అది తప్పనిసరే, కాని దానితో తేలేది యాంటీబాడీకి ఆ పెప్టైడ్‌ను పట్టే గుణం ఉందన్నంత వరకే. కణంలో ఉన్నది కూడా అదేనని దానివల్ల తేలదు. మీ ఎఫ్‌ఎంఆర్‌ఎఫ్‌అమైడ్ యాంటీబాడీ విషయంలో ఐదు రకాల పెప్టైడ్‌ల రంగూ ఆ ఒక్క ప్రయోగంతో పోతుంది. అదే కణంలో పూర్వగామి జన్యువు ఆర్‌ఎన్‌ఏ ఉందని ఇన్ సైటు పద్ధతిలో (కణజాలంలో ఉన్నచోటనే ఆర్‌ఎన్‌ఏను గుర్తించే పద్ధతిలో) చూపించడం, ఆ కణసమూహాన్ని కోసి ద్రవ్యరాశి చూడడం, పూర్వగామిలో ఇతర పెప్టైడ్‌లతో పోలిక లేని భాగం మీద కొత్త యాంటీబాడీ తయారు చేయించడం, వీటిలో కనీసం ఒకటి తోడుంటే నేను నమ్ముతాను. రెండు తోడుంటే వాదించను.

పోలికలో అసలు చిక్కు ఇక్కడి నుంచి మొదలవుతుంది. బొద్దింకలో రొమ్ము భాగంలో మూడు, ఉదరంలో ఆరు నాడీసంధులు విడివిడిగా, జంట తంతువులతో కలిపి ఉంటాయి. సుడిదోమలో ఉదర భాగపు నాడీసంధులు రొమ్ములోని ముద్దలో కలిసిపోయాయి. పట్టుపురుగులో గొంగళి దశలో విడిగా ఉన్నవి కొన్ని రూపవిక్రియలో కలుస్తాయి. కాబట్టి ‘వెనుక వైపు, మధ్యరేఖకు దగ్గరగా ఒక జత పెద్ద కణాలు’ అని రాసుకుంటే నాలుగు కీటకాల్లో అది నాలుగు వేర్వేరు ఖండాలకు చెందినది కావచ్చు. కణాన్ని గుర్తించవలసింది అది ఏ ఖండానిది, దాని అక్షతంతువు ఏ నాడి గుండా బయటికి పోతుంది, ఎక్కడ రక్తంలోకి వదులుతుంది అన్న మూడింటితో.

దీనికి మంచి ఉదాహరణ కాపా అనే పూర్వగామి జన్యువు. పండ్ల ఈగలో ఈ జన్యువు ఉదరపు రెండు, మూడు, నాలుగు ఖండాల్లో ఒక్కొక్క జత కణాల్లో పనిచేస్తుంది. అవి ముద్దయిపోయిన నాడీదండంలో ఉన్నా ఖండాల లెక్క స్పష్టంగా తెలుస్తుంది. బొద్దింకలో ఇదే కుటుంబానికి చెందిన పెరివిసెరోకైనిన్‌లు ఉదర నాడీసంధుల కణాల్లో తయారై, ఆ సంధులకు అతుక్కుని ఉండే పెరిసింపథెటిక్ అవయవాల్లో నిలవ ఉంటాయి. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టగలుగుతున్నామంటే, ఖండం, నాడి, విడుదల స్థలం మూడూ తెలిసినందువల్లనే. ఇంకొక మెలిక ఉంది: ఇదే పూర్వగామిని అధోఆహారవాహికా నాడీసంధిలోని కణాలు వేరే విధంగా కత్తిరిస్తాయి, ఉదర కణాల్లో వచ్చే ముక్కలన్నీ అక్కడ రావు. ఆర్‌ఎన్‌ఏ మాత్రమే చూసినవారికి ఈ తేడా కనబడదు. జన్యువుతో మొదలుపెట్టమని చెప్పిన నేనే ద్రవ్యరాశిని వదలవద్దని అంటున్నది ఇందుకే.

పెప్టైడ్ ఒకటే అయినా పని ఒకటే కానక్కర లేదు. కొరాజోనిన్‌ను వీన్‌స్ట్రా 1989లో అమెరికన్ బొద్దింక నుంచి వేరుచేసినప్పుడు అది గుండె వేగాన్ని పెంచే పెప్టైడ్. మిడతల్లో ఒక్క అమైనో ఆమ్లం తేడాతో అదే అణువు దేహానికి నల్లరంగు తెప్పిస్తుంది. పట్టుపురుగుకు ఇస్తే గూడు అల్లే వేగం తగ్గుతుంది. ఒక జాతి చీమల్లో అది కూలి చీమల వేట ప్రవర్తనతో ముడిపడి ఉంది. ఎర్ర పిండి పురుగులో, అంటే మన బియ్యం డబ్బాల్లో, రవ్వలో కనిపించే ఆ చిన్న పెంకు పురుగులో, కొరాజోనిన్ జన్యువే లేదు. లేదని ధైర్యంగా చెప్పగలగడానికి కారణం, దాని గ్రాహకం జన్యువు కూడా ఆ జన్యుక్రమంలో లేకపోవడం. పెప్టైడ్ చిన్నది, వెతుకులాటలో తప్పిపోవచ్చు; గ్రాహకం పెద్ద ప్రొటీన్, అంత తేలికగా తప్పిపోదు. రెండూ కలిసి మాయమైతేనే ‘లేదు’ అని రాయండి. మీ కొమ్ము పురుగు కూడా పెంకు పురుగే కాబట్టి ఈ ప్రశ్న మీకు ఎదురవుతుంది: ముందు దాని జన్యుక్రమంలో రెండింటినీ వెతకండి. రెండూ లేవని తేలిన తరువాత కూడా కొరాజోనిన్ యాంటీబాడీ దాని మెదడులో ఏదైనా కణాన్ని వెలిగిస్తే, అది మరో అణువును పట్టుకుందని అర్థం. ఆ విధంగా కొమ్ము పురుగు మీ పట్టికలో ఒక జాతిగా మాత్రమే కాక మీ యాంటీబాడీకి పరీక్షగా కూడా పనికి రావచ్చు. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం వారు ఈ పురుగు మీద చాలాకాలంగా పనిచేస్తున్నారు. పెంపకం సంగతులు అక్కడ అడిగితే మీకు శ్రమ తగ్గుతుంది.

యాంటీబాడీలతో చేసిన పటం ఎంత దూరం పోగలదో తెలుసుకోవాలంటే పీడీఎఫ్ (పిగ్మెంట్ డిస్పర్సింగ్ ఫ్యాక్టర్) అనే పెప్టైడ్ కథ చదవండి. దీని మూలం రొయ్యలు, పీతల వైపు ఉంది. కోరంగి మడ అడవుల బురదలో ఒక డెక్క మాత్రమే పెద్దగా ఉండే చిన్న పీతలను మీరు చూసే ఉంటారు. అటువంటి పీత ఒకదాని కంటి కాడల నుంచి, వర్ణకాన్ని విస్తరింపజేసే పెప్టైడ్‌ను కె. రంగారావు బృందం 1985లో నిర్ధారించింది. దాని మీద తయారైన యాంటీబాడీతో బొద్దింక, మిడత, ఈగల మెదళ్లకు రంగు వేస్తే, దృక్ తమ్మెల దగ్గర ఒక చిన్న కణసమూహం వెలిగింది. పండ్ల ఈగలో ఒక్కో వైపు పెద్దవి నాలుగు, చిన్నవి నాలుగు. అవి దినచర్య గడియారాన్ని నడిపే కణాలని 1999లో జన్యు ప్రయోగాలతో తేలింది. బొద్దింకలో ఆ కణసమూహం ఉండే యాక్సెసరీ మెడులా అనే చిన్న భాగాన్ని ఒక దాని నుంచి తీసి, లయ పోయిన మరొకదానిలో నాటితే లయ తిరిగి వచ్చిందని 2003లో రైషిగ్, స్టెంగెల్ చూపించారు. వేర్వేరు జాతుల పోలికలో రంగు, జన్యువు, ప్రయోగం మూడూ ఒకే మాట చెప్పిన అరుదైన సందర్భం ఇది. ఈ పెప్టైడ్ పరిమాణం రోజులో మారుతుంది కూడా. కాబట్టి నాలుగు జాతులనూ వెలుగు వచ్చిన తరువాత ఒకే గంటకు కోయాలి.

ప్రస్తావవశాత్తు ఒక మాట. మన తీరంలోని రొయ్య హేచరీల్లో తల్లి రొయ్య గుడ్లు పెట్టడానికి ఒక కంటి కాడను నొక్కేస్తారు. అక్కడ ఉన్న గ్రంథి వదిలే నిరోధక పెప్టైడ్ తగ్గిపోవడం వల్లనే అండాశయం పెరుగుతుంది. ఆ పెప్టైడ్ కుటుంబానికి కీటకాల్లో ఉన్న చుట్టం అయాన్ ట్రాన్స్‌పోర్ట్ పెప్టైడ్. మిడతల్లో అది వెనుక పేగు దగ్గర లవణాలను, నీటిని వెనక్కు పీల్పిస్తుంది. మీ నాలుగు కీటకాల పట్టికలో దీనికి ఒక గడి కేటాయించండి. చుట్టుపక్కల హేచరీ ఉన్న చోట పోలికకు రొయ్య కంటి కాడలు ఊరికే దొరుకుతాయి.

సుడిదోమ గురించి విడిగా చెప్పాలి. దీనిలో పొట్టి రెక్కల రూపం, పొడవు రెక్కల రూపం రెండూ ఉంటాయి. ఏ రూపం రావాలో నిర్ణయించేది ఇన్సులిన్ మార్గమని 2015లో చైనా శాస్త్రవేత్తలు చూపించారు. మెదడు నుంచి వచ్చే ఇన్సులిన్ వంటి పెప్టైడ్ మొదటి గ్రాహకం ద్వారా పొడవు రెక్కలకు దారితీస్తుంది, రెండవ గ్రాహకం దానికి అడ్డుపడుతుంది. కాబట్టి దుబ్బు మొదళ్లలో పట్టుకొచ్చిన పురుగులన్నీ ఒకే గొట్టంలో వేసి, ఇరవై మెదళ్లు కలిపి ద్రవ్యరాశి చూస్తే వచ్చేది ఏ రూపానిదీ కాని సగటు. రూపం, ఆడ మగ, రెక్కలు వచ్చి ఎన్ని రోజులైంది అన్నవి వేరుచేయండి. తెల్లమచ్చ దోమ కలవకుండా చూసుకోండి. పొలం నుంచి నేరుగా తెచ్చినవి పటానికి పనికిరావని నా అభిప్రాయం: సార్వాలో స్వర్ణ రకం వరి పొట్ట దశకు వచ్చేసరికి పైమెట్రోజిన్ వంటి మందు ఒకసారైనా పడి ఉంటుంది, ఆ మందు తిండి మానిపిస్తుంది, ఆకలి మీద ఉన్న పురుగులో పెప్టైడ్‌ల నిలవలు మారిపోతాయి. మార్టేరు పరిశోధన స్థానంలో రకాల పరీక్ష కోసం టీఎన్1 అనే వరి రకం నారు మీద సుడిదోమను పంజరాల్లో పెంచుతారు; మీరూ ఆ విధంగానే కొన్ని తరాలు పెంచి వాడండి. పట్టుపురుగుకు ఈ బెంగ లేదు, గొల్లప్రోలు దగ్గర చేబ్రోలులో పట్టు రైతులున్నారు, వయసు తెలిసిన పురుగులు అక్కడ అడగవచ్చు.

పండ్ల ఈగ ఆడ మెదడులోని 1,39,255 నాడీకణాల కలయికలన్నీ 2024లో ప్రచురితమైన తరువాత ఈ పటాల అవసరం ఏముందని మీ ఆచార్యులు అడగవచ్చు. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో పెప్టైడ్‌లు నిండిన చీకటి గింజల వంటి కోశికలు కనిపిస్తాయి గాని, వాటిలో ఏ పెప్టైడ్ ఉందో కనిపించదు. పైగా పెప్టైడ్ విడుదలైన చోటనే పనిచేయదు. దూరాలకు వ్యాపించి, గ్రాహకం ఉన్న కణం ఎక్కడుంటే అక్కడ పనిచేస్తుంది, కొన్నిసార్లు రక్తం ద్వారా మాల్పీజియన్ నాళికల (కీటకాల విసర్జన నాళికల) దాకా పోతుంది. అందువల్ల మీ పటంలో పెప్టైడ్ ఉన్న కణాలతో పాటు గ్రాహకం జన్యువు పనిచేసే కణజాలాలను కూడా గుర్తించాలి. కనీసం మెదడు, పేగు, నాళికలు, కొవ్వు కణజాలం, అండాశయం వేరువేరుగా తీసి గ్రాహకం ఆర్‌ఎన్‌ఏ కొలిచినా చాలా సంగతులు తెలుస్తాయి.

ఇప్పుడు మీ చేతిలో ఉన్న యాంటీబాడీ విషయం. పారేయవద్దు. బొద్దింకతో మొదలుపెట్టండి, కణాలు పెద్దవి, సంధులు విడిగా ఉంటాయి, పోల్చుకోవడానికి పాత సాహిత్యం దండిగా ఉంది. వెలిగిన ప్రతి కణసమూహానికి ఖండం, కుడి ఎడమ సంఖ్యలు, కణం వ్యాసం, తంతువు పోయే దారి రాసి, పేరు గడిలో ‘ఆర్‌ఎఫ్‌అమైడ్ లాంటిది’ అని మాత్రమే పెట్టండి. తరువాత పొట్టి న్యూరోపెప్టైడ్ ఎఫ్, మయోసప్రెసిన్, సల్ఫాకైనిన్ పూర్వగాముల మీద ఒక్కొక్క ఇన్ సైటు ప్రోబ్ చేయించి, అదే మెదడులో యాంటీబాడీతో కలిపి వేస్తే ఆ గడులు ఒక్కొక్కటిగా నిండుతాయి. ఏ ప్రోబ్‌కూ దొరకని కణాలు కొన్ని మిగులుతాయి. వాటిని కోసి ద్రవ్యరాశికి పంపండి, కొత్తది ఏదైనా ఉంటే ఉండేది అక్కడే.